టైటర్ బాగానే ఉంది, కోడిపిల్ల ఎందుకు చచ్చింది?

"టీకా వేయించాం డాక్టరుగారూ. రక్తం పరీక్షకు పంపితే టైటర్ కూడా బాగానే ఉందన్నారు. మరి పిల్లలు ఎందుకు పోతున్నాయండీ?" అనపర్తి, తణుకు వైపు లేయర్ షెడ్లలోనైనా, షాద్‌నగర్ చుట్టుపక్కల బ్రాయిలర్ ఫారాల్లోనైనా పశువైద్యులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగే రైతు తప్పేమీ లేదు. టీకా వేస్తే రక్తంలో యాంటీబాడీలు పెరుగుతాయని (ఆ స్థాయి కొలతే టైటర్), అవి పెరిగితే రోగం రాదని మనందరం నేర్చుకున్నాం. చాలా రోగాల విషయంలో ఆ మాట నిలబడుతుంది. కోళ్లకు వచ్చే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ దగ్గర మాత్రం సగమే నిలబడుతుంది. మిగతా సగంలో ఏముందో తేల్చడానికి శాస్త్రజ్ఞులకు దశాబ్దాలు పట్టింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం కాబట్టి, ఆ సంగతి తెలుసుకోవాల్సిన అవసరం మనకు మరీ ఎక్కువ.

ఫారాల్లో ఈ జబ్బును పొట్టిగా ఐబీ అంటారు. కారణం ఒక కరోనా వైరస్. 2020లో ఆ పేరు మన ఇళ్లలోకి రావడానికి తొంభై ఏళ్ల ముందే అది కోళ్ల షెడ్లలో ఉంది. 1930లో అమెరికాలోని నార్త్ డకోటాలో పసి కోడిపిల్లలు నోరు తెరిచి ఎగశ్వాస పీలుస్తూ చనిపోతుంటే షాక్, హాన్ అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించి, ఇది కొత్త జబ్బులా ఉందని 1931లో రాశారు. 1937లో బోడెట్, హడ్సన్ ఈ వైరస్‌ను పొదిగే గుడ్డులో పెంచగలిగారు. మనుషుల కరోనా వైరస్‌లు బయటపడింది 1960లలో. అప్పుడు లండన్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ముందు కూర్చున్న జూన్ అల్మీడా, మనిషి జలుబులో దొరికిన కొత్త వైరస్‌ను చూడగానే పోలిక పట్టింది. అంతకుముందే ఆమె కోడి ఐబీ వైరస్‌ను చూసి ఉండటమే అందుకు కారణం. 1968లో ఆ కుటుంబానికి కరోనా అన్న పేరు పెట్టినప్పుడు అందులో ఐబీ వైరస్ కూడా ఉంది. మొత్తం జన్యుక్రమాన్ని చదివిన మొదటి కరోనా వైరస్ కూడా ఇదే. 1987లో, సుమారు 27,600 అక్షరాలు. ఇది కోళ్ల వైరస్. మనిషికి జబ్బు చేయదు, కాబట్టి గుడ్డు, మాంసం తినేవాళ్లకు బెంగ అక్కర్లేదు.

పేరులో బ్రాంకైటిస్ అని ఉన్నా ఈ జబ్బు గొంతుతో ఆగదు. కొన్ని రకాల ఐబీ వైరస్‌లు కిడ్నీల మీద పడతాయి. అలా చనిపోయిన పిల్లను వెల్లకిలా పెట్టి, పొట్ట కోసి, పేగుల్ని పక్కకు తీస్తే, నడుము ఎముక గుంటల్లో అటు మూడు ఇటు మూడు తమ్మెలుగా ఇమిడిపోయిన కిడ్నీలు కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉంటే అవి ముదురు ఎరుపు, గోధుమ రంగు కలిసినట్టుండాలి. ఈ పిల్లలో ఉబ్బి, పాలిపోయి, పైనంతా సన్నటి తెల్ల గీతలు అల్లుకుని ఉంటాయి. మూత్రనాళాలు తెల్లటి ముద్దతో బిగుసుకుని ఉంటాయి. మరీ ముదిరిన పిల్లలో గుండె మీది పొర, కాలేయం మీది పొర సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. వేలితో రాస్తే ఆ తెలుపు పొడిగా అంటుకుంటుంది. అది యూరిక్ ఆమ్లం, దాని లవణాలు. రైతులు గౌట్ అనేది దీన్నే.

పక్షుల శరీరంలో నైట్రోజన్ వ్యర్థం మనలో మాదిరి యూరియాగా కరిగి పోదు, యూరిక్ ఆమ్లంగా పోతుంది. కోడి రెట్ట మీద కనిపించే తెల్లటి భాగం అదే. దాన్ని రక్తం నుంచి లాగి బయటికి పంపే పని కిడ్నీలోని సన్నటి గొట్టాల గోడల్లో ఉండే కణాలది. వైరస్ సరిగ్గా ఆ కణాల్లోకే దూరి పెరుగుతుంది. అవి చెడితే నీరు నిలవదు, యూరిక్ ఆమ్లం కదలదు. పిల్ల విపరీతంగా నీళ్లు తాగుతుంది, రెట్ట పలచబడుతుంది, కింద పరిచిన వరిపొట్టు తడిసి ముద్దవుతుంది. షెడ్డులో అడుగుపెట్టగానే తగిలే ఆ తడి వాసనే చాలాసార్లు మొదటి సూచన. గౌట్‌కు ఐబీ ఒక్కటే కారణం కాదు. మేతలో కాల్షియం ఎక్కువైనా, నీళ్లు చాలకపోయినా, బూజు విషాలు కలిసినా, వేరే కొన్ని వైరస్‌లు సోకినా రావచ్చు. అందుకే కోసి చూసినంత మాత్రాన ఐబీ అని తీర్పు చెప్పలేం.

కిడ్నీల మీద పడే ఐబీ సంగతి 1962 ప్రాంతంలో రెండు ఖండాల్లో దాదాపు ఒకేసారి బయటపడింది. అమెరికాలో వింటర్‌ఫీల్డ్, హిచ్‌నర్ అనే పరిశోధకులు గ్రే, హోల్ట్ అనే రెండు రకాలను వర్ణించారు. ఆస్ట్రేలియాలో కమింగ్ అనే శాస్త్రజ్ఞుడు టీ అనే రకాన్ని పట్టుకున్నాడు. అక్కడ తీసిన లెక్కల ప్రకారం వైరస్ సోకిన 6వ రోజు నుంచి మరణాలు మొదలై, 10వ రోజుకు తారస్థాయికి చేరి, 16వ రోజుకల్లా ఆగిపోయాయి. ఈ మూడు అంకెల్ని గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో వీటితో పని ఉంది. చలి తగిలిన పిల్లల్లో, ప్రొటీన్ ఎక్కువున్న మేత తిన్న పిల్లల్లో చావులు ఎక్కువని కూడా కమింగ్ గమనించాడు. ప్రొటీన్ పెరిగితే యూరిక్ ఆమ్లం పెరుగుతుంది, దెబ్బతిన్న కిడ్నీ ఆ బరువు మోయలేదు.

మన దేశంలోనూ 1990ల చివరి నుంచి బ్రాయిలర్లలో గౌట్ పెద్ద సమస్య అయింది. అలా చనిపోయిన కోళ్ల నుంచి పుణేలో వేరుచేసిన ఐబీ వైరస్ ప్రపంచంలో అప్పటికి తెలిసిన రకాల్లో దేనికీ దగ్గరగా లేదని 2005లో ఒక పరిశోధన పత్రం వెల్లడించింది. 2016లో ప్రపంచవ్యాప్తంగా ఐబీ వైరస్‌లను 6 జన్యురకాలుగా, 32 వంశాలుగా వర్గీకరించినప్పుడు ఈ భారతీయ వైరస్‌లు జీఐ-24 అన్న ప్రత్యేక వంశంగా తేలాయి. మన షెడ్లలో తిరిగే వైరస్‌కూ, అమెరికాలోనో నెదర్లాండ్స్‌లోనో పుట్టిన టీకా వైరస్‌కూ మధ్య ఎంత దూరం ఉండవచ్చో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు వైరస్ సోకిన పిల్ల లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

గాలిలో వచ్చిన వైరస్ ముందు శ్వాసనాళం లోపలి గోడను పట్టుకుంటుంది. ఆ గోడ నిండా సిలియా అనే అతి సన్నని నూగు ఉంటుంది. అది క్షణం ఆగకుండా కదులుతూ, దుమ్మునూ బ్యాక్టీరియానూ చీమిడితో పాటు పైకి నెట్టేస్తుంటుంది. వైరస్ సోకిన ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు తుమ్మడం, గురగురమనడం మొదలుపెడతాయి. కొద్ది రోజుల్లో సిలియా కదలిక ఆగిపోతుంది, కణాలు రాలిపోతాయి. అమ్మోనియా ఘాటెక్కిన షెడ్డులో ఈ కదలిక ఆగిందంటే ఈ.కొలై బ్యాక్టీరియాకు దారి తెరుచుకున్నట్టే. బ్రాయిలర్లలో ఐబీ వల్ల వచ్చే నష్టంలో పెద్ద వాటా ఇలా వెంట వచ్చే బ్యాక్టీరియాదే. వైరస్ మీద యాంటీబయాటిక్ ఏమాత్రం పనిచేయదని తెలిసి కూడా షెడ్లలో ఆ మందులు గుమ్మరించడానికి కారణం ఇదే. ఈ.కొలై ఉందని తేలినప్పుడు మందు వాడటంలో అర్థం ఉంది. తుమ్ము వినపడగానే వాడటం మాత్రం డబ్బు దండగ, పైగా మందులకు లొంగని బ్యాక్టీరియాను చేజేతులా పెంచుకోవడం.

సోకిన కణం చేసే మొదటి పని ఇంటర్ఫెరాన్ విడుదల చేసి, చుట్టుపక్కల కణాలకు హెచ్చరిక పంపడం. ఈ ఇంటర్ఫెరాన్‌ను కనిపెట్టింది కూడా కోడి దగ్గరే. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కోడి గుడ్డులోని పిండం చుట్టూ ఉండే పొర మీద ప్రయోగం చేస్తూ దీన్ని పట్టుకున్నారు. కణంలోకి పరాయి ఆర్‌ఎన్‌ఏ వచ్చిందని పసిగట్టడానికి మనలో రిగ్-ఐ, ఎండీఏ-5 అని రెండు ప్రొటీన్లు ఉన్నాయి. బాతులోనూ రిగ్-ఐ ఉంది. కోడిలో లేదు, పరిణామ క్రమంలో ఆ జన్యువును పోగొట్టుకుంది. అది ఎండీఏ-5 తోనే నెట్టుకొస్తుంది. ఐబీ వైరస్ ఆ ఒక్కదాన్నీ ఆలస్యం చేయిస్తుంది. కోడి కణాల్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏ బాగా పోగుపడిన తర్వాత గానీ ఇంటర్ఫెరాన్ జన్యువు మేలుకోవడం లేదని నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు చూపించారు. అలా చేజారిన గంటల్లోనే శ్వాసనాళం చాలావరకు పాడవుతుంది.

తర్వాతి దశ యాంటీబాడీలది. ఇక్కడ కోడి తోక దగ్గరున్న ఒక చిన్న అవయవం కథ చెప్పక తప్పదు. మలద్వారానికి పైవైపు బర్సా అనే సంచి ఉంటుంది. ఇటలీలోని పాడువా నగరానికి చెందిన ఫాబ్రీషియస్ దీన్ని వర్ణించిన పుస్తకం ఆయన మరణం తర్వాత 1621లో వెలువడింది. అది ఎందుకుందో మూడు శతాబ్దాల పాటు ఎవరికీ తెలియలేదు. 1950లలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి, పొదిగిన కొద్దిరోజులకే పిల్లల బర్సాను కోసి తీసేసి ఏమవుతుందో చూశాడు. ఏమీ కాలేదు. పిల్లలు మామూలుగానే పెరిగాయి. కొంతకాలం తర్వాత తిమోతీ చాంగ్ అనే తోటి విద్యార్థికి, యాంటీబాడీలు ఎలా పుడతాయో తరగతిలో చూపించడానికి కోళ్లు కావలసి వచ్చాయి. గ్లిక్ దగ్గరున్న కోళ్లను తీసుకుని సాల్మొనెల్లా ఎక్కించాడు. కొన్నింటిలో యాంటీబాడీలు పుట్టలేదు. లెక్క చూస్తే అవి బర్సా తీసేసిన కోళ్లు. ఈ ఫలితాన్ని సైన్స్ పత్రిక తిప్పి పంపింది. 1956లో పౌల్ట్రీ సైన్స్ అనే పత్రికలో అచ్చయింది. కోళ్ల శాస్త్రానికే పరిమితమైన పత్రిక కావడంతో చాలా ఏళ్లు వైద్య ప్రపంచం కంట పడలేదు. 1965లో మ్యాక్స్ కూపర్ తన సహచరులతో కలిసి ఈ దారినే ముందుకు వెళ్లి, రోగనిరోధక శక్తికి రెండు వేర్వేరు శాఖలున్నాయని తేల్చాడు. యాంటీబాడీలు చేసే బీ కణాలు ఒక శాఖ, థైమస్‌లో తయారయ్యే టీ కణాలు రెండోది. క్యాన్సర్ నుంచి ఎయిడ్స్ దాకా ఇవాళ్టి వైద్యమంతా ఆధారపడే ఈ విభజనకు మూలం ఒక కోడి ప్రయోగం. ఆ గౌరవం కోడికి దక్కాల్సినంతగా దక్కలేదని నా అభిప్రాయం.

ఈ బర్సా కిటుకునే ఐబీ పరిశోధకులు వాడుకున్నారు. ఇంగ్లండ్‌లో జేన్ కుక్, ఆమె సహచరులు కోడిపిల్లలు ఇంకా గుడ్డులో పిండాలుగా ఉండగానే బర్సా పనిచేయకుండా చేసి, పొదిగాక ఐబీ వైరస్ సోకించారు. ఫలితాలు 1991లో ప్రచురించారు. యాంటీబాడీలు చేయలేని పిల్లల్లో జబ్బు మరింత తీవ్రంగా వచ్చింది, ఎక్కువ కాలం వదల్లేదు. అంటే యాంటీబాడీలకు పని ఉంది. కానీ ఎక్కడ? ఇన్నేళ్ల పరిశోధనలు చెబుతున్నదేమిటంటే, రక్తంలో తిరిగే యాంటీబాడీలు వైరస్ గొంతు నుంచి రక్తంలోకి దిగి కిడ్నీకీ, గుడ్డునాళానికీ చేరకుండా బాగా అడ్డుకుంటాయి. శ్వాసనాళం లోపలి గోడ మీద మాత్రం వాటి ప్రభావం తక్కువ. అక్కడ పనికొచ్చేవి ఆ చోటే పుట్టి, చీమిడిలోకీ కన్నీటిలోకీ ఊరే యాంటీబాడీలు, ముఖ్యంగా ఐజీఏ రకం.

అవి పుట్టే చోటూ విచిత్రమే. మనకు మెడలో, చంకల్లో ఉండే లింఫ్ గ్రంథులు కోడికి లేవు. వాటి బదులు శరీరంలో అక్కడక్కడా చిన్న చిన్న గుంపులుగా రోగనిరోధక కణాలుంటాయి. వాటిలో ముఖ్యమైనది కనుగుడ్డు వెనక ఉండే హార్డేరియన్ గ్రంథి. కంట్లో చుక్క వేసిన టీకా వైరస్ అక్కడికి చేరి, యాంటీబాడీలను కన్నీటిలోకి పుట్టిస్తుంది. ఆ కన్నీరు ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. కంటి చుక్కల టీకాకు ఇంత పేరు రావడం వెనక ఉన్న శరీర నిర్మాణం ఇది.

ఇక టైటర్ దగ్గరికి వద్దాం. రక్తంలో యాంటీబాడీల స్థాయికీ, వైరస్‌ను కావాలని సోకించినప్పుడు కోడి తట్టుకోవడానికీ మధ్య నమ్మదగిన పొత్తు కనిపించడం లేదని రాజీ, లీ అనే పరిశోధకులు 1965లోనే రాశారు. తర్వాత వచ్చిన ఎలైజా పరీక్ష పని సులువు చేసింది గానీ ఈ చిక్కును విప్పలేదు. ఎలైజా ఐబీ వైరస్‌లోని ఏ భాగాన్ని పట్టుకునే యాంటీబాడీనైనా కలిపి లెక్కిస్తుంది. వైరస్‌ను కణంలోకి వెళ్లకుండా ఆపగలిగేవి మాత్రం ప్రధానంగా దాని ముల్లు ప్రొటీన్ కొసను, అంటే ఎస్1 భాగాన్ని పట్టుకునేవి. వైరస్ మారినప్పుడల్లా ఎక్కువగా మారేది కూడా ఆ కొసే. కాబట్టి టైటర్ కాగితం, కోడి ఏదో ఒక ఐబీ వైరస్‌ను లేదా టీకాను చూసిందని చెబుతుంది. షెడ్డులోకి వచ్చిన వైరస్‌ను ఆపగలదా అన్నది ఆ కాగితంలో ఉండదు. గొంతులో ఏముందో అసలే ఉండదు.

అందుకే ఐబీ టీకా పనిచేస్తుందా లేదా అని తేల్చడానికి నియంత్రణ సంస్థలు రక్తాన్ని నమ్ముకోవు, శ్వాసనాళాన్ని చూస్తాయి. ఐరోపా ప్రమాణాల్లో ఉన్న పరీక్ష ఇది. టీకా వేసిన కోళ్లకు కొన్నాళ్లు ఆగి అసలు వైరస్ సోకిస్తారు. మరికొద్ది రోజులకు శ్వాసనాళాన్ని తీసి పైభాగం నుంచి 3, మధ్య నుంచి 4, కింది నుంచి 3 సన్నటి చక్రాలుగా కోస్తారు. ఒక్కో చక్రాన్ని వెచ్చటి ద్రవంలో ఉంచి మైక్రోస్కోప్ కింద పెడతారు. బతికున్న చక్రం లోపలి అంచంతా ఆగకుండా అలలు కడుతుంటుంది, రాలిన కణాలు ఆ ఊపుకు గిరగిరా తిరుగుతుంటాయి. పాడైన చక్రం అంచు కదలకుండా ఉండిపోతుంది. అంచులో కనీసం సగం చురుగ్గా కదిలితే ఆ చక్రం బాగున్నట్టు. పదింట తొమ్మిది బాగుంటే ఆ కోడికి రక్షణ ఉన్నట్టు. నూటికి ఎనభై కోళ్లు ఇలా గట్టెక్కితేనే టీకా నెగ్గినట్టు. ఒక్క రక్తపు చుక్క ప్రమేయం లేకుండా తేలే తీర్పు ఇది.

రెండో శాఖ అయిన టీ కణాల పని అర్థం చేసుకోవడం మరింత కష్టమైంది. యాంటీబాడీని సీసాలో పట్టి కొలవచ్చు. సోకిన కణాన్ని గుర్తించి చంపే టీ కణాన్ని పరీక్షించాలంటే, ఆ కణమూ దాని ముందు పెట్టే సోకిన కణమూ జన్యుపరంగా సరిపోలాలి. టెక్సస్‌లో ఎలెన్ కొలిసన్ బృందం ఇందుకోసం ఒకే రకం రోగనిరోధక జన్యువులున్న కోళ్లను ఎంచుకుంది. కిడ్నీల మీద పడే గ్రే రకం వైరస్ సోకించి చూస్తే, ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో వైరస్ 8వ రోజు ప్రాంతంలో అత్యధికంగా ఉంది. చంపే టీ కణాల చురుకుదనం 10వ రోజుకు పతాక స్థాయికి వచ్చింది. అది పెరిగేకొద్దీ వైరస్ తగ్గింది. 2000లో ప్రచురించిన ప్రయోగం ఇంకా నేరుగా ఉంటుంది. సోకిన కోళ్ల ప్లీహం నుంచి టీ కణాలు తీసి, వైరస్‌ను ఎన్నడూ చూడని పసిపిల్లలకు ఎక్కించి, ఆ తర్వాత వైరస్ సోకించారు. పిల్లలు జబ్బును తట్టుకున్నాయి. ఎక్కించే ముందు సీడీ8 రకం టీ కణాలను తీసేస్తే ఆ రక్షణ పోయింది. సీడీ4 రకాన్ని తీసేస్తే పోలేదు. టీ కణాలు గుర్తుపట్టేది ముల్లు కొసను మాత్రమే కాదు, వైరస్ లోపల ఆర్‌ఎన్‌ఏను చుట్టుకుని ఉండే ఎన్ ప్రొటీన్‌ను కూడా. ఆ ప్రొటీన్ రకరకాల ఐబీ వైరస్‌లలో అంతగా మారదు. ఒక రకం టీకా మరో రకం వైరస్ నుంచి కొంతైనా కాపాడటానికి ఇదొక కారణం కావచ్చు.

ఇప్పుడు ఇందాకటి అంకెల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. వైరస్ తారస్థాయి 8వ రోజు. మొదట పుట్టే ఐజీఎం యాంటీబాడీలు కూడా 8వ రోజు ప్రాంతంలోనే ఎక్కువగా కనిపిస్తాయి. చంపే టీ కణాలు 10వ రోజు. బలమైన ఐజీవై యాంటీబాడీలు పతాక స్థాయికి వచ్చేది మూడు వారాలకు. చావులు 6న మొదలై, 10న ముమ్మరమై, 16కు ఆగుతాయి. వేరువేరు దేశాల్లో, వేరువేరు కోళ్లలో తీసిన లెక్కలు కాబట్టి వీటిని గీత గీసినట్టు జోడించడం సరికాదు. అయినా వరస స్పష్టంగానే ఉంది. టీకా లేని పిల్ల దేహం సరైన పనే చేస్తుంది, కానీ కిడ్నీ గొట్టాలు చెడిపోయాక చేస్తుంది. చనిపోయిన పిల్లలో రోగనిరోధక శక్తి లేదనడం తప్పు. అది నాలుగైదు రోజులు ఆలస్యమైంది. టీకా కొనిపెట్టేది ఆ నాలుగైదు రోజులనే.

అయితే ఏ టీకా? 1956లో జంగెర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చేదు నిజం బయటపెట్టాడు. అమెరికాలో మసాచుసెట్స్ రకం వైరస్‌ను తట్టుకున్న కోడి, పక్క రాష్ట్రమైన కనెక్టికట్ రకాన్ని తట్టుకోలేకపోయింది. అప్పటి నుంచి కొత్త రకాలు వస్తూనే ఉన్నాయి. 1990 దశకం మొదట్లో బ్రిటన్‌లో 4/91, ఆ దశకంలోనే చైనాలో క్యూఎక్స్. ప్రతి రకానికీ ఒక టీకా చేసుకుంటూ పోవడం సాధ్యం కాదు. జేన్ కుక్ బృందం 1999లో ఒక ఉపాయం చూపించింది. మసాచుసెట్స్ రకం టీకా ఒకటి, దానికి బాగా దూరమైన 4/91 టీకా ఒకటి, రెండూ కొంత వ్యవధిలో వేస్తే, ఆ రెండింటికీ చెందని ఇతర రకాల నుంచి కూడా శ్వాసనాళానికి చెప్పుకోదగ్గ రక్షణ దొరికింది. చాలా దేశాల టీకా కార్యక్రమాలు ఇవాళ ఈ ఆలోచన మీదే నడుస్తున్నాయి. మన జీఐ-24 వంశం మీద ఏ జత ఎంత పనిచేస్తుందన్నది మన దేశంలోనే, మన వైరస్‌తోనే తేల్చుకోవాల్సిన విషయం. ఇందుకు ఖర్చుపెట్టడానికి వెనకాడకూడదు.

పిల్ల వయసు మరో మెలిక. తల్లికోడి తన ఐజీవైని పచ్చసొనలో పెట్టి పంపుతుంది. అది పిల్ల రక్తంలోకి చేరి మొదటి రోజుల్లో కాపాడుతుంది. కానీ ఎంత కాలం? మండల్, నకీ 2001లో చూపించిన ప్రకారం ఒకరోజు వయసులో వైరస్ సోకిస్తే తల్లి యాంటీబాడీలున్న పిల్లల్లో నూటికి 95కు పైగా తట్టుకున్నాయి. 7 రోజుల వయసులో సోకిస్తే తట్టుకున్నవి నూటికి 30 కూడా లేవు. రక్తంలో తల్లి యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉన్నా గొంతు దగ్గర అవి చాలలేదు. పోనీ హ్యాచరీలో మొదటి రోజే పిచికారీ చేసే టీకాతో సరిపెడదామంటే, ఆ వయసులో పిల్ల స్పందన బలహీనం. అప్పుడు పుట్టే యాంటీబాడీలు తక్కువ, వైరస్‌ను పట్టుకునే పట్టూ తక్కువ. మొదటి రోజు టీకా తర్వాత మళ్లీ బూస్టర్ అవసరమయ్యేది ఇందుకే.

లేయర్ పిల్లల విషయంలో ఈ మొదటి రెండు వారాలు మరీ కీలకం. ఆ వయసులో కొన్ని రకాల ఐబీ సోకితే ఎదగని గుడ్డునాళం శాశ్వతంగా దెబ్బతింటుంది. పిల్ల కోలుకుని, పెట్టగా ఎదిగి, ఎర్రటి జుట్టుతో నిగనిగలాడుతుంది. సొన విడుదలవుతుంది కానీ నాళంలోకి చేరదు, పొట్టలో పడిపోతుంది. నెలల తరబడి మేత తిని ఒక్క గుడ్డూ పెట్టని ఈ పెట్టలను చూసి రైతు మేత కంపెనీని తిట్టుకుంటాడు. అసలు కారణం నాలుగు నెలల కిందటి తుమ్ముల్లో ఉంటుంది.

ఇంకో అపాయం గంబోరో. అది బర్సానే తినేసే వైరస్. విచిత్రంగా ఈ రెండు జబ్బుల చరిత్రలు మొదట్లోనే చిక్కుపడ్డాయి. డెలావేర్‌లోని గంబోరో ప్రాంతంలో కనిపించిన కొత్త జబ్బును 1962లో వర్ణించినప్పుడు, చనిపోయిన కోళ్ల కిడ్నీల నుంచి దొరికిన గ్రే రకం ఐబీ వైరసే దానికి కారణమని కొంతకాలం అనుకున్నారు. గ్రే రకానికి నిరోధం ఉన్న కోళ్లకు కూడా ఆ జబ్బు వస్తోందని, వాటి బర్సా పాడవుతోందని తేలాక గానీ రెండూ వేరని స్పష్టం కాలేదు. చిన్న వయసులో గంబోరో తగిలి బర్సా చెడిన పిల్లకు ఆ తర్వాత ఐబీ టీకా వేసినా ఆశించిన స్పందన రాదు. ఐబీ టీకా ఫలించలేదని అనుకునే ముందు గంబోరో సంగతి చూడాలి.

నయమైందనుకున్న కోడిలోనూ వైరస్ పూర్తిగా పోకపోవచ్చు. ఒకరోజు వయసులో ఐబీ సోకించిన పిల్లలు కోలుకున్నాక చాలాకాలం వైరస్ బయటపెట్టలేదు. 19 వారాల వయసులో, గుడ్డుకు వచ్చే సమయంలో, మళ్లీ వైరస్‌ను విసర్జించడం మొదలుపెట్టాయని జోన్స్, అంబలి 1987లో రాశారు. గుడ్డుకు వచ్చే దశలో దేహం మీద పడే ఒత్తిడి, మారే హార్మోన్లు ఇందుకు కారణమని అనుమానం. లేయర్లకు గుడ్డుకు రాకముందే నూనె కలిపిన నిర్జీవ టీకా ఇంజెక్షన్ వేసేది ఈ దశ కోసమే. ఆ టీకా రక్తంలో యాంటీబాడీలను బాగా పెంచి కిడ్నీనీ, గుడ్డునాళాన్నీ కాపాడుతుంది. దానికి ముందు బతికున్న టీకాలతో పునాది పడి ఉంటేనే అది బాగా పనిచేస్తుంది. ఇక్కడ టైటర్ కొలవడం నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే కొలిచేది రక్తాన్ని, కాపాడాల్సిందీ రక్తం చేరే అవయవాలనే.

షెడ్డులో చేసే పనులన్నీ ఈ లెక్క మీదే ఆధారపడతాయి. నీళ్లలో టీకా ఇస్తున్నప్పుడు క్లోరిన్ ఉంటే బతికున్న వైరస్ చచ్చిపోతుంది, అందుకే క్లోరిన్ ఆపి పాలపొడి కలుపుతారు. పిచికారీలో తుంపర సైజు, కంటి చుక్క వేసేటప్పుడు పిల్ల రెప్పవేసి మింగేదాకా పట్టుకోవడం, ఇవన్నీ వైరస్ హార్డేరియన్ గ్రంథికీ శ్వాసనాళానికీ చేరిందా లేదా అన్నదాన్ని తేలుస్తాయి. వేల పిల్లలకు వరసగా చుక్కలు వేసే కూలీలు తొందరపడితే ఆ బ్యాచ్‌లో కొన్ని పిల్లలు టీకా లేకుండానే మిగిలిపోతాయి. గౌట్ మొదలైన షెడ్డులో బ్రూడర్ వేడి పెంచి చలి తగలకుండా చూడటం, మేతలో ప్రొటీన్ తాత్కాలికంగా తగ్గించడం, నీళ్లు ఎప్పుడూ అందేలా చూడటం ప్రాణాలు నిలబెడతాయి. చనిపోయిన పిల్లల్ని కోసినప్పుడు రక్తంతో పాటు శ్వాసనాళం, కిడ్నీ, పేగుల చివర ఉండే సీకల్ టాన్సిల్ ముక్కల్ని చల్లగా ల్యాబ్‌కు పంపి, పీసీఆర్ చేయించి, ఎస్1 జన్యువు చదివించమని అడగాలి. తర్వాతి బ్యాచ్‌కు ఏ టీకా, ఎప్పుడు వేయాలో తేల్చడానికి ఆ ఫలితం కావాలి.